ఆయన పేరు చెప్పమన్నారు

మా మనవరాలికి మగపిల్లాడు పుట్టాడు. ఆగస్టులో, గుంటూరులో మా అమ్మాయి ఇంట్లోనే పురుడు. తల్లీ బిడ్డా క్షేమం. పిల్లాడు మూడు కిలోల పైనే ఉన్నాడు, నల్లగా ఒత్తుగా జుట్టు. పుట్టిన రెండో రోజున మనవరాలే ఫోన్ చేసి, "అమ్మమ్మా, వీడికి తాతగారి పేరే పెడుతున్నాం. మా అత్తగారు వాళ్ళు కూడా సరేనన్నారు" అని చెప్పింది. నాకు కాసేపు మాట రాలేదు. సంతోషం సరే. కానీ ఆ పేరు పెడితే నేను వాణ్ణి ఏమని పిలవాలి?

యాభై అయిదేళ్ళు దాటిన కాపురంలో ఆయన పేరు నేను నోటితో ఎప్పుడూ అనలేదు. మా వయసు ఆడవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఎదురుగా ఉంటే "ఏవండీ", ఇంకొకరితో చెప్పేటప్పుడు "మా ఆయన", లేకపోతే "పెద్దబ్బాయి వాళ్ళ నాన్న". జనాభా లెక్కలవాళ్ళు వస్తే పిల్లల్ని పిలిచి చెప్పించేదాన్ని. పిల్లలు బడికి పోయిన వేళ వస్తే గుమ్మం మీద ఉన్న బోర్డు చూపించేదాన్ని. ఆయనది దేవుడి పేరు. గుడికి వెళ్ళినా ఆ స్వామిని వేరే నామంతోనే తలుచుకునేదాన్ని. ఇది ఎవరో బలవంతపెట్టి చేయించింది కాదు. అలా అలవాటైంది, తర్వాత అది నాకు ఇష్టమైంది. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ పేరు రాయాలని లేదు, రాయను.

అలాంటిది 2025లో ఆ పేరు ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు చెప్పాల్సి వచ్చింది. ఫ్యామిలీ పెన్షన్ కోసం. ఆ అనుభవమే రాస్తున్నాను. పెన్షన్ తీసుకుంటున్న భర్త ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఇది చదివి, ఈ రోజే బీరువా తీసి కాగితాలు ఒకసారి చూసుకోవాలని నా కోరిక.

ఆయన రైల్వేలో గార్డు. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన 1966లోనే ఉద్యోగంలో చేరారు. 1969లో మా పెళ్ళి. అప్పటికి గూడ్సు గార్డు, తర్వాత పాసింజరు, 2004లో రిటైరయ్యేనాటికి మెయిల్ గార్డు. గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని మార్చారని 2022లో పేపర్లో చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "నేను మాత్రం గార్డునే" అన్నారు.

మేం కాపురం పెట్టింది విజయవాడలో, సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్లో. అప్పట్లో అక్కడ ఇళ్ళ మధ్య నుంచే పట్టాలు పోయేవి. ఇప్పుడు పట్టాలు లేవు, పెద్ద రోడ్డు వేశారు. ఆయన బండి ఆ దారిన వచ్చే వేళకి నేను పెరటి గోడ దగ్గర నిలబడేదాన్ని. చివరి పెట్టె తలుపు దగ్గర నిలబడి, పచ్చజెండా చేయి చాపి పట్టుకునేవారు. గార్డు పచ్చజెండా చూపిస్తే అంతా సవ్యంగా ఉందని అర్థం. అది డ్రైవరుకి, స్టేషన్ మాస్టరుకి చూపించేది. మా గోడ దగ్గర చూపించేది నాకు. ఇంటికొచ్చాక దాని గురించి ఒక్క మాట అనేవారు కాదు. నేనూ అడిగేదాన్ని కాదు. మళ్ళీ మర్నాడు గోడ దగ్గరే ఉండేదాన్ని.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన బందరు వైపు డ్యూటీలో ఉన్నారు. మూడు రోజులు కబురు లేదు. పెద్దవాడు చంకలో, రెండోవాడు కడుపులో. నాలుగో రోజు తెల్లవారుజామున మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగారు. చెంబు అందుకున్న చేయి వణికింది. అక్కడ ఏం చూశారో చాలా ఏళ్ళ దాకా చెప్పలేదు.

ఇక నా పేరు సంగతి. ఈ కథ అంతా దాని మీదే తిరిగింది. నాకు రెండు పేర్లు. పుట్టింట్లో పెట్టిన పేరూ మా అత్తగారి పేరూ ఒకటే. ఇంట్లో కోడల్ని ఆ పేరుతో పిలిస్తే అత్తగారిని పిలిచినట్టు ఉంటుందని, కాపురానికి వచ్చిన రోజునే మా మామగారు నాకు వేరే పేరు పెట్టారు. మా ఆయనా ఆ పేరుతోనే పిలిచారు. రైల్వే పాసుల్లో అదే పేరు, పీపీఓలో అదే పేరు. పీపీఓ అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. పెన్షనరు ఎవరు, ఆయన తర్వాత ఫ్యామిలీ పెన్షన్ ఎవరికి, ఎంత అన్నది అందులో ఉంటుంది.

ఆధార్ తీయించుకునేటప్పుడు పుట్టిన తేదీకి రుజువు కావాలన్నారు. మా ఊరి హైస్కూలు టీసీ ఒకటి పుట్టింటి పెట్టెలో దొరికింది. నేను తొమ్మిది దాకా చదివాను. దాంట్లో పుట్టింటి పేరు ఉంది కాబట్టి ఆధార్‌లో అదే పేరు పడింది. దాన్ని చూసి పాన్ కార్డు. తర్వాత బ్యాంకువాళ్ళు కేవైసీ అంటే ఆధార్ ఇచ్చాం, జాయింటు ఖాతాలో కూడా పేరు అలాగే మారిపోయింది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ తట్టలేదు, పీపీఓలో ఉన్న మనిషి వేరు, బ్యాంకులో ఉన్న మనిషి వేరు అయిపోతోందని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మా ఇల్లు సింగ్ నగర్‌లో. బుడమేరు నీళ్ళు తెల్లారేసరికి వీధిలోకి వచ్చాయి, మధ్యాహ్నానికి ఇంట్లోకి వచ్చాయి. ఎనభై ఏళ్ళ మనిషి. మా చిన్నబ్బాయి ఆయన్ని పట్టుకుని మేడ మీదికి ఎక్కిస్తుంటే, "పెట్టె, పెట్టె" అంటూనే ఉన్నారు. ఇనప్పెట్టె పైకి తెచ్చేలోపు నీళ్ళు దాని మూత దాకా వచ్చేశాయి. మేడ మీద నాలుగు రోజులు ఉన్నాం. పడవల మీద పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు తెచ్చి ఇచ్చినవాళ్ళకి ఈ రోజుకీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అప్పట్లో ప్రకాశం బ్యారేజీ మీద పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోయాయని రేడియోలో చెప్పారు. ఆయన మాత్రం ఆ నాలుగు రోజులూ ఒడిలో తడిసిన కాగితాలు పెట్టుకుని ఒక్కొక్కటీ విడదీస్తూ కూర్చున్నారు.

పీపీఓ బతికింది గానీ పాడైంది. బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశారు. ఆరాక కాగితం అప్పడంలా వంకర్లు తిరిగింది, అడుగున మట్టిరంగు చార ఒకటి మిగిలిపోయింది. దాని మీద మా ఇద్దరి ఫోటో, 2004లో గవర్నర్‌పేటలో ఒక స్టూడియోలో తీయించుకున్నది, అతికించి ఉండేది. ఎడమ పక్కన ఆయన, కుడి పక్కన నేను. ఆరిన తర్వాత ఆయన ముఖం బాగానే ఉంది. నా వైపు రంగు అంతా కారిపోయి, చీర అంచు, ఒక చెవి దుద్దు, అంతే మిగిలాయి. "నేను పోయినట్టుంది" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. అలాంటి మాటలు అంటే ఎప్పుడూ కోపమే.

అక్టోబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పని వచ్చింది. అందరూ నవంబరులో ఇవ్వాలి, ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు నుంచే ఇవ్వచ్చు. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తాడు, డెబ్భై రూపాయలు. వేలిముద్ర పడలేదు. జెండా కర్ర, బ్రేకు చక్రం పట్టిన చేతులు, గీతలు అరిగిపోయాయి. అప్పుడు ఆ అబ్బాయి ఫోన్ ముఖం ముందు పెట్టి, "కళ్ళు ఒకసారి మూసి తెరవండి తాతగారూ" అన్నాడు. ఆయన మూసి తెరిచారు. అయిపోయింది. మనిషి బతికే ఉన్నాడని సర్టిఫికెట్ వచ్చింది.

2025 జనవరి 19న పోయారు. పండగ అయిపోయి పిల్లలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, లేవలేదు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

పెద్దబ్బాయి కర్మ పనుల మధ్యలోనే తొమ్మిదో రోజున డెత్ సర్టిఫికెట్‌కి పెట్టాడు. ఇంట్లో పోతే మనమే వెళ్ళి చెప్పుకోవాలి, 21 రోజుల లోపు నమోదు చేయించాలి. శ్మశానంలో ఇచ్చిన రసీదు, ఇద్దరి ఆధార్లు అడిగారట. అది సులువుగానే అయింది. ఒకటి చెప్తాను: ఆయన పేరు స్పెల్లింగు పీపీఓలో ఎలా ఉందో డెత్ సర్టిఫికెట్‌లో కూడా అక్షరం తేడా లేకుండా అలాగే రాయించుకోండి. మా వాడు ఆ జాగ్రత్త తీసుకున్నాడు. కాపీలు పది తీసుకున్నాడు, ఎనిమిది అయిపోయాయి.

బ్యాంకుకి నేను వెంటనే వెళ్తానన్నాను. మా ఆడపడుచు, ఎనభై మూడేళ్ళు ఆవిడకి, ఒప్పుకోలేదు. "నెల మాసికమన్నా పెట్టకుండా గడప దాటుతావా" అంది. ఆవిడ తమ్ముడు పోయిన దుఃఖం ఆవిడది. నేను ఎదురు చెప్పలేదు. ఫిబ్రవరి ఆఖరున వెళ్ళాం.

మాది జాయింటు ఖాతా, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. భర్త పెన్షన్ జాయింటు ఖాతాలో పడుతూ, పీపీఓలో భార్య పేరు ఉంటే, పని సులువే. ఒక అర్జీ, డెత్ సర్టిఫికెట్, పీపీఓ కాపీ, నా ఆధార్, పాన్, నా వయసు రుజువు, ఎక్కువ డబ్బు పడితే తిరిగి ఇస్తానని ఒక హామీ పత్రం, అంతే. ఇది తర్వాత పెన్షనర్ల సంఘంలో ఆయన స్నేహితుడు చెప్పాక తెలిసింది. పోయిన రోజు దాకా ఆయన పెన్షన్, మర్నాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్.

అబ్బాయి బండి పెట్టడానికి చోటు దొరక్క కింద తిరుగుతున్నాడు. నేను ముందుగా వెళ్ళి కౌంటర్ దగ్గర కూర్చున్నాను. ఆ అమ్మాయి చిన్నది, మా మనవరాలి వయసు. కాగితాలు తిప్పింది, పీపీఓ చూసింది, ఆధార్ చూసింది. మళ్ళీ పీపీఓ చూసింది.

"ఇందులో పేరు వేరే ఉందమ్మా."

"రెండూ నా పేర్లే తల్లీ."

"ఫోటోలో ఉన్నది మీరేనా? ముఖం కనపడట్లేదు."

"వరదలో తడిసిందమ్మా."

ఆ పిల్ల తప్పు కూడా లేదు. ఎవరి భార్య పేరు చెప్పి ఎవరు వస్తారో వాళ్ళకెలా తెలుస్తుంది? అనుమానం వచ్చినట్టుంది. కాగితాలు తన వైపు తిప్పేసుకుని, చేత్తో మూసి, "మీ ఆయన పేరు పూర్తిగా చెప్పండి, ఇంటిపేరుతో" అంది.

నేను పాస్‌బుక్ వైపు వేలు చూపించాను. "అది కాదమ్మా, మీరు చెప్పండి."

వెనక్కి తిరిగి చూశాను. అబ్బాయి ఇంకా రాలేదు. వెనక లైన్లో నలుగురు నిలబడి ఉన్నారు. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. గొంతు తడారిపోయింది. మనిషి ఉన్నన్నాళ్ళూ అనని పేరు, పోయిన నెల తిరగ్గానే పరాయి చోట అనాలా అని కడుపులో తిప్పినట్టైంది. ఇంటిపేరు వచ్చింది. తర్వాతది నాలుక మీదే ఉండిపోయింది. చివరికి ఎలాగో అన్నాను.

"వినపడలేదమ్మా, కొంచెం గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాను.

ఆ పేరు నా గొంతులో ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరో కొత్త మనిషి పిలిచినట్టు ఉంది. ఆయన ఎక్కడో పక్క గదిలో ఉండి, "ఆఁ?" అని పలుకుతారేమో అనిపించింది. కళ్ళు నిండిపోయి కౌంటర్ మీది అక్షరాలు కనపడలేదు. ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళ సీసా ఇచ్చింది. కానీ పని కాలేదు. పేర్లు తేడా ఉన్నాయి కాబట్టి రైల్వే నుంచి సవరించిన పీపీఓ తెచ్చుకోవాలన్నారు. పెన్షన్ ఆపేశారు. ఆయన పోయాక జనవరి నెలకి పూర్తిగా పడిన దాంట్లో 12 రోజుల డబ్బు వెనక్కి తీసుకున్నారు. అది రూల్ ప్రకారమే. కానీ పాస్‌బుక్‌లో ఆ గీత చూసినప్పుడు ఆ 12 రోజులూ ఆయన లేరని లెక్క తేల్చినట్టు అనిపించింది.

తర్వాత నోటరీ. రెండు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు కాగితం మీద అఫిడవిట్. సాక్షులుగా పక్కింటాయన, మా క్వార్టర్ల నాటి స్నేహితురాలు వచ్చారు. రాసింది చదివి సంతకం పెట్టమన్నారు. "నేను, కీర్తిశేషులు ఫలానా వారి భార్యను" అని మొదలవుతుంది. కీర్తిశేషులు అనే మాట ఆయన పేరు ముందు అచ్చులో చూడటం అదే మొదటిసారి. నోటరీ గారు పెద్దాయన. "పైకి చదవక్కర్లేదమ్మా, మనసులో చదువుకుని పెట్టండి" అన్నారు. ఆయనకి ఎలా తెలిసిందో! ఆ పుణ్యాత్ముడు బాగుండాలి.

ఏప్రిల్లో డీఆర్‌ఎం, అంటే డివిజనల్ రైల్వే మేనేజర్ ఆఫీసుకి వెళ్ళాం. పర్సనల్ బ్రాంచిలో సెటిల్‌మెంట్ సెక్షన్ అని ఉంటుంది. మొదటి రెండుసార్లు ఫైలు దొరకలేదన్నారు. ఇరవై ఏళ్ళ కిందటి ఫైలు, ఎక్కడో అడుగున ఉండి ఉంటుంది. ఆ రెండు నెలలూ ఇంట్లో చాలా టెన్షన్ పడ్డాం. డబ్బుకి కాదు. పిల్లలు ఉన్నారు, తిండికి లోటు లేదు. కానీ ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు చేసిన ఉద్యోగంలో నా వాటా నాదని ఆయన ఎప్పుడూ అనేవారు. "నా తర్వాత ఎవరి దగ్గరా చేయి చాపక్కర్లేదు నీకు" అని ఆ పీపీఓ చూపించి చెప్పేవారు. ఆ మాట నిలబడాలని నా పట్టుదల.

మూడోసారి వెళ్ళినప్పుడు వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన కనిపించారు. రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్న మనిషి. పీపీఓ చేతిలోకి తీసుకుని, ఆ వంకర కాగితాన్ని టేబుల్ మీద అరచేత్తో సాపు చేస్తూ పేరు చదివి, ఒక్కసారిగా తలెత్తారు. "మెయిల్ గార్డు గారి భార్యా మీరు?" అని పేరు చివర గారు పెట్టి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చలిలో బ్రేకు వ్యానులో వెళ్తుంటే ఆయన తన దుప్పటి ఇచ్చారట. నాకు తెలియని సంగతి. ఇంటికి వచ్చి ఎప్పుడూ చెప్పలేదు. అలాంటివి ఎన్ని ఉన్నాయో.

వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. ఫైలు దొరికింది. అంచులు తినేసిన అట్ట, తాడు కట్టి ఉంది. అందులోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టారు. రిటైరయ్యే ముందు కుటుంబ వివరాలు రాసి ఇచ్చేది. మొదటి వరసలో భార్య పేరు. నీలం సిరా. ఆయన చేతిరాత నేను ఎక్కడైనా పోల్చుకుంటాను, గార్డు జర్నల్ రాసి రాసి అక్షరాలన్నీ ఒక గీత మీద నిలబెట్టినట్టు ఉంటాయి. మామగారు పెట్టిన పేరు రాశారు. దాని పక్కన అలియాస్ అని రాసి, నా పుట్టింటి పేరు కూడా రాశారు. పక్కనే నా పుట్టిన తేదీ.

రెండు పేర్లూ ఆయన రాసే పెట్టారు, పీపీఓ టైపు చేసినచోట రెండోది రాలేదు, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆ కాగితం అక్కడ అలా ఉంది. ఆధార్ లేని రోజుల్లో ఆయన ఎందుకు అలా రాయాలనుకున్నారో నాకు తెలియదు. జీవితమంతా ఒక పేరుతో పిలిచిన మనిషి, నా చిన్నప్పటి పేరు కూడా మర్చిపోలేదన్నమాట. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. ఇన్‌స్పెక్టర్ గారు కిటికీ వైపు తిరిగి ఏదో కాగితం వెతుకుతున్నట్టు నిలబడ్డారు.

ఆ ఫారం ఉండటంతో మిగతాది త్వరగానే అయింది. అఫిడవిట్, ఆధార్, పాన్, టీసీ నకలు, కొత్త ఫోటో జతచేసి అకౌంట్స్‌కి పంపారు. సవరించిన పీపీఓలో రెండు పేర్లూ వచ్చాయి. పుట్టిన తేదీ కూడా చేరింది. అది చాలా ముఖ్యం. పాత పీపీఓలు కొన్నింటిలో భార్య పుట్టిన తేదీ ఉండదు. ఎనభై నిండితే ఫ్యామిలీ పెన్షన్‌కి కూడా 20 శాతం అదనంగా కలుస్తుంది, 85కి 30 శాతం, అలా పెరుగుతూ పోతుంది. తేదీ లేకపోతే ఆ రోజు వచ్చినా ఎవరూ ఇవ్వరు, మనమే తిరగాలి. ఆయనకి 2024 జూన్‌లో ఎనభై నిండాయి. ఆ పెంపు ఎనిమిది నెలలైనా అందుకోలేదు.

జూన్ నెలాఖరులో డబ్బు పడింది, జనవరి 20 నుంచి బకాయితో సహా. ఆయనకి చివరి జీతంలో సగం పెన్షన్‌గా వచ్చేది. నాకు 30 శాతం లెక్కన, దాని మీద కరువు భత్యం. రిటైరయ్యి ఎక్కువ ఏళ్ళు బతికిన వాళ్ళ భార్యలకి అంతే వస్తుంది. మెడికల్ కార్డు నా పేరు మీదికి మార్చారు. రైలు పాసు కూడా ఇస్తారు, ఆయనకి వచ్చినదాంట్లో సగం. దాన్ని విడో పాస్ అంటారు. ఆ పేరు వినగానే వద్దనుకున్నాను. తర్వాత మా పెద్దబ్బాయి, "నాన్న నడిపిన బళ్ళే కదమ్మా" అన్నాడు. తీసుకున్నాను.

ఇది చదివే అక్కచెల్లెళ్ళకి మరీ మరీ చెప్తున్నాను. ఇద్దరూ ఉన్నప్పుడే కూర్చుని చూసుకోండి. పీపీఓలో మీ పేరు, ఆధార్‌లో మీ పేరు, బ్యాంకులో మీ పేరు ఒక్కటిగా ఉన్నాయా? మీ పుట్టిన తేదీ ఉందా? ఖాతా జాయింటుగా ఉందా? తేడా ఉంటే పెన్షనరు స్వయంగా సంతకం పెట్టి అర్జీ ఇస్తే తేలిగ్గా పోతుంది. ఆయన పోయాక అదే పనికి నాకు అయిదు నెలలు పట్టింది. "అలా మాట్లాడితే అపశకునం" అని మొగుళ్ళు కోప్పడతారు. మా ఆయనా కోప్పడేవారు. కోప్పడనివ్వండి, చూసుకోండి. ఒరిజినల్ ఇనప్పెట్టెలో ఉన్నా ఫోటో తీసి పిల్లల ఫోన్లలో పెట్టండి. బుడమేరు మాకు నేర్పింది ఇది.

బారసాల గుంటూరులోనే, ఇరవై ఒకటో రోజున. నేను వెళ్ళనన్నాను. ఏడాది తిరగలేదు. అమ్మాయివాళ్ళ గోత్రం వేరు కాబట్టి వాళ్ళకి ఏటి సూతకం పట్టింపు లేదు గానీ, తొట్టి దగ్గరికి నేను రావడం ఏమిటని నాకే శంక. ఆడపడుచు ఏమంటుందోనని కూడా ఉంది. ఆవిడే ఫోన్ చేసింది. "నా తమ్ముడి పేరు పెడుతున్నారు, నువ్వు వెళ్ళకపోతే నేను ఊరుకోను" అంది. నాకు ఏడుపు వచ్చింది. విజయవాడ నుంచి గుంటూరుకి పాసు మీదే వెళ్ళాను. కృష్ణ దాటేటప్పుడు కిటికీ దగ్గర కూర్చున్నాను. నది నిండుగా ఉంది.

మనవరాలి భర్త పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాశాడు. అందరూ పళ్ళెం చుట్టూ మూగారు. తర్వాత పిల్లాడి చెవిలో పేరు చెప్పాలి. ముందు తండ్రి చెప్పాడు, తర్వాత వాళ్ళ నాన్నమ్మ, తాత. మనవరాలు నా వైపు చూసి, "అమ్మమ్మా, నువ్వు" అంది.

తొట్టి మీదికి వంగాను. పాల వాసన, కొత్త గుడ్డ వాసన. చెవి ఎర్రగా, చిన్న వేరుశనగ పప్పంత ఉంది. వాడు కళ్ళు మూసి తెరిచాడు. నేను మెల్లిగా అన్నాను, నాకే వినపడీ వినపడనట్టు.

వెనక నుంచి మా అమ్మాయి, "అమ్మా, వినపడలేదు. గట్టిగా చెప్పవే" అంది.

గట్టిగా చెప్పాను. వీధి గుమ్మం దాకా వినపడిందట.